‘స్లిమ్’ అను మాట



పెండ్లి సంబంధముల ప్రకటనలు చదువువారికి ‘స్లిమ్’ అను ఇంగ్లీషు మాట క్రొత్త గాదు. పిల్ల సన్నగా, చూడముచ్చటగా నున్నదని దాని భావము. ‘థిన్’ అనినను సన్నదనమే కాని అందు మెప్పు లేదు. ‘స్లిమ్’ అనిన మెప్పు. అయితే ఈ మెప్పు ఆ మాటకు పుట్టుకతో వచ్చినది కాదు.

17వ శతాబ్దమున డచ్చి భాషనుండియో, దాని పొరుగు జర్మను మాండలికములనుండియో యిది ఇంగ్లీషున బ్రవేశించినది. దాని తొలి యర్థము వంకర. జర్మనులకు ‘ష్లిమ్’ అనిన నేటికిని చెడ్డ యనియే. డచ్చివారికి ‘స్లిమ్’ అనగా తెలివిగలవాడు. వంకర చెడ్డయై, చెడ్డ టక్కరియై, టక్కరి తెలివియైనది. మన ‘ఛాందసుడు’ దీనికి ఎదురు నడచెను. వేదము చదివిన వానికి చెల్లిన పేరు, నేడు నావంటి పాతకాలపు వారిని ఎగతాళి చేయుటకు మిగిలినది.

దక్షిణాఫ్రికాలో జనరల్ స్మట్సును జనులు ‘స్లిమ్ యానీ’ యనెడివారు. సన్ననివాడని కాదు, చేతికి చిక్కని టక్కరి యని. 1908 జనవరిలో గాంధిగారు ఆయనతో ఒడంబడిక చేసికొనిరి. భారతీయులు తామై పేర్లు నమోదు చేయించుకొన్నచో నల్లచట్టము రద్దగునని గాంధిగారు నమ్మిరి. నమోదులు జరిగెను, చట్టము పోలేదు. ఆ సంవత్సరమే ఆగష్టు 16న జోహాన్సుబర్గులో మనవారు ఆ పత్రములను అగ్నిపాలు చేసిరి.

ఇంగ్లీషువారు ‘స్లిమ్ చాన్సు’ అందురు. ఆశ బహు సన్నమని అర్థము. ‘ఫాట్ చాన్సు’ అనియు నందురు. ఆశ లావుగా నున్నదని కాదు, అసలే లేదని! మన యాలంకారికులు దీనిని విపరీతలక్షణ యందురు. నవ్వవలదు. మనకును చిక్కిన మనిషి సన్నము, చిక్కని మజ్జిగ దట్టము.

ఆ చిక్కుటను గూర్చియే నేను ముఖ్యముగా జెప్పదలచినది. ‘చిక్కినావేమి నాయనా’ యని మన పెద్దలడిగిన, అందు మెప్పు లేదు, ఆరా కలదు: తిండి సయించుచున్నదా, ఒంట్లో బాగున్నదా యని. ఇప్పుడు ఆ ప్రశ్న పోయి ‘స్లిమ్మయినావే’ యను పొగడ్త వచ్చినది. ఇది నాకు రుచింపదు. 1980 తరువాతి యేండ్లలో ఉగాండా దేశమున జనులు జ్వరముతోను విరేచనములతోను కృశించి చచ్చుచుండగా, అచ్చటివారు ఆ రోగమునకు ‘స్లిమ్’ అనియే పేరిడిరి. అది ఎయిడ్సు వైరసుతో సంబంధించినదని 1985లో ‘లాన్సెట్’ అను వైద్యపత్రికయందు వైద్యులు ప్రకటించిరి. మన ‘క్షయ’యు తరుగుదలను బట్టి వచ్చిన పేరే గదా.

తిండి తగ్గింపక, శ్రమ పెంచక, ఆరు మాసములలోనో యేడాదిలోనో నూటికి 5 వంతుల బరువు తగ్గినచో వైద్యునకు జూపవలెనని నేటి వైద్యుల మతము. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు. కారణము క్షయ కావచ్చును, మధుమేహము కావచ్చును, లోపలి పుట్టకురుపు కావచ్చును. ఇంట తూనిక లేకున్నను రవికె వదులగుట, ఉంగరము జారుట, మొలత్రాడు ముడి మార్చవలసి వచ్చుట కంటికి దెలియును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున బరువు చూచెదరు. క్షయకు కఫపరీక్షయు మందులును ప్రభుత్వమువారు ఉచితముగానే యిచ్చుచున్నారు.