పొలిమేర కొలత



నేడు నేను ముచ్చటింపదలచినది యూదుల ధర్మగ్రంథములోని యొక చిన్న ప్రకరణమును గూర్చి. మెట్టుగూడలో కూర్చున్న తెలుగు పంతులునకు యూదుల గ్రంథముతో నేమి పని యని మీలో కొంద రనుకొనవచ్చును. ధర్మము ఏ యింట దొరకినను గ్రహింపవలసినదే. పైగా ఆ గ్రంథమును తమదిగా నెంచువారు మన తెలుగునాటను ఉన్నారు. గుంటూరు జిల్లాలో చేబ్రోలునకు చేరువనున్న కొత్తరెడ్డిపాలెమున కొన్ని తెలుగు కుటుంబములవారు తమను ‘బెనె ఎఫ్రాయిము’ అనగా ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకొనుచు, 1990కి కొంచెము ముందునుండి యూదాచారములను బహిరంగముగా పాటించుచున్నారు. వారిలో పెక్కురు కూలినాలి చేసికొని బ్రదుకువారు. ఊరికి వెలుపల నుంచబడిన వాడకు చెందినవారు. శనివారము వారికి విశ్రాంతిదినము. వారిని గూర్చి యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ అను నిరువురు పండితులు 2013లో ఒక గ్రంథమునే ప్రకటించిరి.

యూదుల మూలగ్రంథమునకు తోరా యని పేరు. ఆదికాండము మొదలు ద్వితీయోపదేశకాండము వరకు అందులో అయిదు కాండములు. దానిని 54 భాగములుగా విభజించి, వారమున కొకటి చొప్పున శనివారమునాడు సభలో చదువుదురు. కొన్ని వారములలో రెండు భాగములు కలిపి చదువుటయు కలదు. పదును చేసిన తోలుపై చేతితో వ్రాసిన చుట్టను విప్పి, చూచియే చదువవలెను. కంఠస్థమైనను చూడక చదువరాదు. ఏడాదికి గ్రంథము ముగియును. ముగిసిన పండుగనాడే మరల మొదటినుండి యారంభింతురు. రామమందిరములలో పురాణకాలక్షేపము విన్న మీకు దీని యంతరార్థము వేరుగ చెప్ప నక్కరలేదు. నిరుడు విన్న మాటనే యీయేడును వినినచో, నడుమ మనము దానికి తగినట్లు నడచితిమో లేదో తేలిపోవును.

శ్రావణ భాద్రపదముల ప్రాంతమున వచ్చు భాగమునకు ‘షోఫ్తీమ్’ అని పేరు. న్యాయాధిపతులు అని యర్థము. ఊరూర న్యాయాధిపతులను నియమింపవలెననియు, లంచము జ్ఞానుల కన్నులను సైతము కప్పివేయుననియు ఆరంభమున చెప్పి, తుదిలో నొక విచిత్రమైన విధిని చెప్పినారు. పొలమున నొక శవము కానవచ్చినది. చంపినవా డెవ్వడో తెలియదు. అప్పుడు పెద్దలును న్యాయాధిపతులును వచ్చి, శవమునుండి చుట్టునున్న ఊళ్ళకు దూరము కొలువవలెను. ఏ యూరు దగ్గరయో ఆ యూరి పెద్దలు కాడి మోయని పెయ్యను, దున్నని విత్తని లోయకు తోలుకొనిపోయి, దాని మెడ విరిచి, దానిపై చేతులు కడుగుకొని, ఈ రక్తము తాము చిందింపలేదని, చిందించుట చూడలేదని చెప్పవలెను.

క్రీ. శ. 200 ప్రాంతమున కూర్పబడిన మిష్నా యను గ్రంథములో పండితు లిచ్చట నొక శంక లేవదీసిరి. ఊరిపెద్దలు హంతకులని యెవ్వ రనుకొందురు? వారేల అట్లు చెప్పుకొనవలెను? దానికి సమాధానమును వారే యిచ్చిరి. ఆ బాటసారి తమకడకు రాగా అన్నము పెట్టక పంపలేదనియు, ఒంటిగ పోవుచుండగా చూచి తోడు లేక విడువలేదనియు చెప్పుటయే ఆ మాటకు భావమట. హంతకులు పెచ్చుపెరిగిన కాలమున ఈ విధి నిలిచిపోయెనని ఆ గ్రంథమే చెప్పుచున్నది. అయినను ప్రకరణమును మాత్రము నేటికిని ఏటేట చదువుచునే యున్నారు.

దీనిని చదివినప్పు డెల్ల నాకు నలువది యేండ్లనాటి సంగతి తలపునకు వచ్చును. అప్పుడు నే నొక పల్లెలో బడిపంతులను. ఒక సాయంకాలము జ్వరముతో నున్న బాటసారి యొకడు నా యరుగు చెంత నిలిచి, రాత్రికి చోటిత్తురా యని యడిగెను. నేను పిల్లలకు పద్యము చెప్పుచుంటిని. ముందింట నడుగుమంటిని. తల యెత్తి వాని మొగమైనను చూడలేదు. మరునాటి యుదయమున వాడు చెరువుకట్ట క్రింద చనిపోయి యుండెను. రెండూళ్ళ పెద్దలును వచ్చిరి. దూరము కొలిచిరి కూడ. ‘ఇది మీ పొలిమేర’ యని వారు, ‘కాదు, మీది’ యని వీరు. మధ్యాహ్నము వరకు శవ మెండలోనే యుండెను. నేనును ఆ గుంపులో నుంటిని. నిన్న నా వాకిటికి వచ్చెనని చెప్పుటకు నాకు నోరు రాలేదు. తుదకు వాడనుండి యిద్దరు కూలీలు వచ్చి, ఎవ్వరి నడుగక, తమ తుండుగుడ్డలు వానిపై కప్పిరి.

ఆనాడు మేము కొలిచినది తప్పించుకొనుటకు. ఆ గ్రంథము కొలువుమన్నది బాధ్యతను నెత్తికెత్తుకొనుటకు. కొలత యొక్కటే, కొలుచువాని మనస్సునుబట్టి అది ధర్మమో అధర్మమో యగుచున్నది.

పెద్దలారా, వరినాట్లకును మిరపకోతలకును పరాయి జిల్లాలనుండి కూలీలు మీ యూళ్ళకు వచ్చుచుందురు. చెట్లక్రిందను, కళ్ళములయందును పండుకొందురు. వారికి త్రాగునీ రున్నదా? వానవచ్చిన తలదాచుకొన చోటున్నదా? రాత్రి జ్వరము వచ్చినచో 108 బండిని పిలుచువా డెవడు? ఈ మూడు ప్రశ్నలకును పని మొదలు కాకమునుపే పంచాయతిలో సమాధాన మేర్పరుపుడు. నేను చేసిన తప్పు నేను దిద్దుకొనజాలను. వినినవారు దానిని చేయకుండ చూచుకొనవచ్చును.

చేతులు కడుగుకొనునపుడు సిగ్గుపడ నక్కరలేని పెద్దలుగా మన మెల్లరము నుందుము గాక. స్వస్తి.