జాకీ కూగన్: లక్షలు సంపాదించిన పిల్లాడికి చివరికి ఏం మిగిలింది?

చాప్లిన్ తీసిన 'ది కిడ్' చూసే ఉంటారు కదా? అందులో అనాథాశ్రమం వాళ్ళు పిల్లాణ్ణి బండెక్కించినప్పుడు, వాడు చేతులు చాచి ఏడుస్తాడు. ఎన్నిసార్లు చూసినా మన గొంతు పట్టేస్తుంది. ఆ పిల్లాడే జాకీ కూగన్. ఈరోజు కబుర్లు ఆయన గురించే.

1914లో లాస్ ఏంజలెస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలిద్దరూ స్టేజి కళాకారులే. స్టేజి మీద ఈ బుడతణ్ణి చూసి చాప్లిన్ ముచ్చటపడ్డాడు. ఏడుపు సీనుకి మాత్రం జాకీకి ఏడుపు రాలేదట! అప్పుడు వాళ్ళ నాన్న, "ఏడవకపోతే నిజంగానే అనాథాశ్రమానికి పంపించేస్తాం" అని బెదిరించాడట. చాప్లిన్ తన ఆత్మకథలో రాసుకున్నాడీ సంగతి. అంటే మనం చూసే ఆ కన్నీళ్ళు నిజమైనవే అన్నమాట.

1921లో సినిమా విడుదలైంది. జాకీ ప్రపంచమంతా తెలిసిపోయాడు. మరుసటేడు 'ఆలివర్ ట్విస్ట్'. చిన్నతనంలోనే ముప్ఫై, నలభై లక్షల డాలర్లు సంపాదించాడని అంచనా.

1935లో కారు ప్రమాదంలో తండ్రి పోయాడు. అదే కారులో ఉన్న జాకీ బతికాడు. తర్వాత తల్లి, తమ డబ్బు వ్యవహారాలు చూసే ఆయన్నే పెళ్ళి చేసుకుంది. ఇరవై ఒకటి నిండిన కొడుకు "నా డబ్బేది?" అంటే, ఇవ్వం పొమ్మన్నారు. అప్పటి చట్టం ప్రకారం పిల్లల సంపాదన తల్లిదండ్రులదే మరి! 1938లో కన్నతల్లి మీదే కోర్టుకెళ్ళాడు. చివరికి చేతికొచ్చింది సుమారు 1,26,000 డాలర్లు.

జనం మండిపడ్డారు. 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల చట్టం వచ్చింది. దాన్ని 'కూగన్ చట్టం' అనే పిలుస్తారు. 2000 నుంచి, సంపాదనలో 15 శాతం పిల్లల పేరున విడిగా దాచి తీరాలి.

జాకీ అక్కడితో ఆగిపోలేదండోయ్. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో గ్లైడర్ నడిపాడు. 1964లో 'ది ఆడమ్స్ ఫ్యామిలీ' టీవీ సీరియల్లో గుండు అంకుల్ ఫెస్టర్‌గా మళ్ళీ ఇంటింటా నవ్వించాడు. 1984లో కన్నుమూశాడు.

తన డబ్బు తనకి పూర్తిగా దక్కలేదు. కానీ తర్వాతి పిల్లల డబ్బుకి ఆయన పేరే కాపలా కాస్తోంది. ఈసారి 'ది కిడ్' చూసినప్పుడు ఈ మాట గుర్తుచేసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.