పిల్లల చేతికి అప్పగించవలసిన అమానతు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్‌కు భయపడండి. ఆయన మనకు అప్పగించిన ప్రతి అమానతు గురించీ రేపు జవాబు చెప్పుకోవలసి ఉంది. మన సంతానం ఒక అమానతు. మనం సజ్దా చేసే ఈ నేల మరొక అమానతు. మొదటిదాన్ని రెండవదానికి కాపలాగా ఎలా తయారుచేయాలో ఈ రోజు ఆలోచిద్దాం.

మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురుస్తుంది. చేదబావులు ఎండిపోయాయి. బోర్లు అడుగంటుతున్నాయి. మీ నీరు భూమి లోపలికి ఇంకిపోతే మీకు పారే నీటిని ఎవరు తెచ్చి ఇస్తారని సూరె ముల్క్ చివరి ఆయతులో అల్లాహ్ ప్రశ్నిస్తున్నాడు. రాత్రి నిద్రకు ముందు ఆ సూరా పఠించే మనం, తెల్లవారి బోరు దగ్గర నిలబడినప్పుడు ఆ ప్రశ్నను జ్ఞాపకం చేసుకుంటున్నామా? నేల మీదా సముద్రంలోనూ వ్యాపించిన కల్లోలం మనుషుల చేతలవల్లనే వచ్చిందని సూరె రూమ్ తెలుపుతున్నది. వారు మరలి రావాలనే ఆ చేతల రుచి కొంత చూపించడం జరుగుతున్నదనీ అక్కడే ఉంది. కనుక చేతులు చెరిపినదాన్ని చేతులే సరిదిద్దాలి.

అయితే, “నేనొక్కడిని చేస్తే ఏమవుతుంది?” అని మన పిల్లలు అంటున్నారు. సోదరులారా, ఈ మాట వాళ్ళు మన నోటనే విన్నారు.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) వృత్తాంతాన్ని వారికి వినిపించండి. ఆయన బానిసత్వం నుండి విడుదల కావడానికి యజమాని విధించిన షరతులలో 300 ఖర్జూరపు మొక్కలు నాటి ఇవ్వడం ఒకటి. సోదరునికి తోడ్పడండని ప్రవక్త (స) సెలవిచ్చారు. సహచరులలో ఒకరు ముప్పై మొక్కలు తెచ్చారు, మరొకరు ఇరవై, ఇంకొకరు పది. ఎవరి స్తోమత కొద్దీ వారు తెచ్చారు. సల్మాన్ గుంతలు తవ్వారు. ప్రవక్త (స) తమ శుభహస్తాలతో మొక్కలు నాటారు. వాటిలో ఒక్కటి కూడా చనిపోలేదని సల్మాన్ స్వయంగా తెలిపారు. పది మొక్కలు తెచ్చిన వ్యక్తి, “నా పదితో మూడు వందలు అవుతాయా?” అని ఇంట్లో కూర్చుని ఉంటే ఏమై ఉండేది?

మరొక విషయం గమనించండి. ప్రవక్త (స) ఆజ్ఞాపించి ఊరుకోలేదు. తామే మట్టిలో చేయి పెట్టారు. శిక్షణ అంటే ఇదే.

నా లోపం ఒకటి మీ ముందు ఒప్పుకుంటున్నాను. ఒకనాడు మక్తబ్‌లో పిల్లలకు దుబారా ఎంత పాపమో బోధించాను. అస్ర్ వేళ నేను వుజూ చేస్తూ ఉంటే ఒక చిన్న పిల్లవాడు పక్కన నిలబడి, “హజ్రత్, మీరు మసహ్ చేసేటప్పుడు కొళాయి పారుతూనే ఉంది. అది దుబారా కాదా?” అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ముద్ద్ అంటే సుమారు ఒక దోసిలి నిండా పట్టే కొలత. ఈ హదీసును నేను ఎన్నిమార్లు చదివానో! ఆ పిల్లవాడి ప్రశ్న తరువాతనే చెంబు పట్టాను. ఇప్పుడు పిల్లలూ చెంబుతోనే వుజూ చేస్తున్నారు. వుజూ నీరు మురుగు కాలువలోకి పోకుండా కానుగ మొక్కల పాదులకు మళ్ళించాము. ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క పిల్లవాడు బాధ్యుడు.

మొన్నటి ఎండలకు ఒక మొక్క ఎండిపోయింది. దాన్ని చూసుకునే పిల్లవాడు ఏడ్చాడు. చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చినా, వీలైతే దాన్ని నాటాలన్న ప్రవక్త (స) ఉపదేశాన్ని వాడికి వినిపించాను. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది, ప్రయత్నం మన చేతిలో ఉంది. మర్నాడు వాడే అదే గుంతలో మరొక మొక్క పెట్టాడు.

సోదరులారా! తొలకరి పడగానే ప్రతి ఇంట ఒక వేపనో, నేరేడునో నాటండి. గుంత మీరు తవ్వండి, మొక్క మీ బిడ్డ చేత పెట్టించండి. దాని పండు పక్షి తిన్నా, పశువు తిన్నా, మనిషి తిన్నా నాటినవారికి సదఖా పుణ్యం లభిస్తుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. బిడ్డ నీళ్ళు పోయడం మరచిన రోజున కోపగించకండి. చెంబు తీసుకుని వెంట నడవండి.

ఓ అల్లాహ్! మా నేలపై కారుణ్య వర్షం కురిపించు. మా మాటకూ చేతకూ మధ్య ఉన్న దూరాన్ని తొలగించు. మా బిడ్డలను నీ భూమికి నమ్మకస్తులైన సంరక్షకులుగా తీర్చిదిద్దు. ఆమీన్.