మరల బొమ్మ గీయుట

చిన్ననాట మనమందరమును చిత్రకారులమే. పలకమీద బలపముతో, గోడమీద బొగ్గుతో ఏనుగును, రైలుబండిని, తాతగారి మీసములను గీసితిమి. అవి పోలినవా లేదా యని విచారింపలేదు. పదియేండ్లు దాటునప్పటికి ఆ విచారము పుట్టినది. గుర్రము గుర్రమువలె లేదని తోచినది, ప్రక్కవారు నవ్విరి, పరీక్షలు వచ్చినవి, పెన్సిలు వ్రాతకే పరిమితమైనది. నలువదియవ యేట మరల గీయబూనుదుమేని, చేయి నాడు విడిచిన చోటనే నిలిచియుండును. కన్ను మాత్రము చాల ముందునకు పోయియుండును. ఈ యెడమును చూచి సిగ్గుపడి మొదటి కాగితముతోనే లేచిపోవుదుము. కాని బెదరనక్కరలేదు. తప్పును కనుగొనగల కన్నే తప్పును దిద్దగలదు.

మనకు అడ్డుపడునది తరచుగా మన తెలివియే. చెంబు మూతి గుండ్రమని మనకు తెలియును. కనుక గుండ్రముగనే గీయుదుము. ఎదుట బల్లమీదనున్న చెంబు మూతి కంటికి అణగిన కోలగా కనబడును. కంటిమట్టమున కెత్తినచో ఒక్క గీతయై పోవును. తెలిసినదానిని విడిచి కనబడినదానిని గీయుట మొదటి పాఠము.

ఇందులకు ఉపాయములు కలవు. అమెరికా దేశపు చిత్రోపాధ్యాయుడు నికోలాయిడీస్ గ్రంథము ఆయన మరణానంతరము 1941లో వెలువడినది. కాగితమువంక చూడక, వస్తువు అంచువెంట చూపును మెల్లగా నడపి, దానితోడనే పెన్సిలును నడపుమని అందు బోధించెను. 1979లో బెట్టీ ఎడ్వర్డ్స్ ప్రకటించిన గ్రంథమున, చిత్తరువును తలక్రిందులుగా నుంచి చూచి గీయు అభ్యాసము కలదు. తలక్రిందైన ముఖము ముఖముగా తోచదు, గీతలుగా తోచును. కుర్చీకి బదులు దాని కాళ్ల నడుమనున్న ఖాళీని గీసినచో కుర్చీ తానే యేర్పడును. ముంగిట చుక్కల ముగ్గు తీర్చు స్త్రీలకు, దూరమును కంటితో కొలచి ఒక్క పట్టున గీత లాగుట నిత్యాభ్యాసమే గదా!

రవీంద్రనాథ ఠాకూరు యౌవనమున బొమ్మలు గీయ యత్నించి విడిచిరి. 1924లో, తమ 63వ యేడు నిండిన పిమ్మట, ‘పూరబి’ వ్రాతప్రతియందు కొట్టివేసిన పంక్తులను గీతలతో కలుపుచుండగా అవి వింత ప్రాణులుగా రూపొందినవి. 1930లో పారిస్ నగరమున వారి చిత్రముల ప్రథమ ప్రదర్శనము జరిగినది. 1941లో గతించునప్పటికి వారి చిత్రములు రెండువేలకు పైబడినవి.

మనకు ప్రదర్శనములు వలదు. దినమునకు పావుగంట చాలును. రబ్బరును దూరముగా నుంచి, ప్రతి కాగితముమీదను తేది వేసి దాచుకొందము. నెల గడచిన పిమ్మట మొదటిదానిని, కడపటిదానిని ప్రక్కప్రక్కన పెట్టి చూతము.

ఇంటి పెద్దల చేతులను నిత్యము చూచుచున్నాము. ఆ వ్రేళ్ల ముడుతలు ఎట్లుండునో చెప్పుమన్నచో చెప్పలేము. ఎదుట కూర్చుండి ఒక పావుగంట గీసినచో, బొమ్మ పోలకున్నను, ఆ చేతులు మనకు జ్ఞాపకముండును. వారు మన యెదుట కూర్చుండగలిగిన దినములలోనే ఆ పని మొదలిడుదము.