కెమెరా ఉంది, గిరాకీ ఏది?

సిద్దిపేట జిల్లా ములుగు వైపు యౌవనస్థులు కొందరు అడిగే ప్రశ్న ఇది: "అయ్యగారూ, అప్పుచేసి కెమెరా కొన్నాం. పెండ్లిండ్లన్నీ పెద్ద స్టూడియోలకే పోతున్నాయి. మమ్మల్ని ఎవరు పిలుస్తారు?" నవ్వి విడిచిపెట్టే ప్రశ్న కాదిది. అలాంటి కిస్తీల వెనుక తల్లి మెడలోని బంగారం తాకట్టులో ఉంటుంది.

సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ సంగతి వినండి. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. ఇండోరులో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ, ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. అక్కడి ఆంగ్లేయ అధికారి హెన్రీ డేలీ ఆయన పని మెచ్చి ప్రోత్సహించాడు. ఒక పెద్దమనిషి పరిచయం మరొకరి దగ్గరకు దారి చూపింది. అయినా ఉద్యోగం ఒక్కసారిగా వదలలేదు సుమా! ముందు సెలవు పెట్టాడు, తరువాతనే విడిచాడు. చివరకు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానానికి చేరాడు.

నాకు అన్నిటికంటె నచ్చినది మరొకటి. పరదా పాటించే స్త్రీలు స్టూడియోకు రాలేరు. వారి కొరకు 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి, ఒక ఆంగ్లేయ స్త్రీకి అప్పగించాడు.

తమ్ముడా, మీ దగ్గర పెద్ద స్టూడియోలు చూడనివారెవరు? ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల మీ ములుగులోనే ఉన్నాయి. వీడ్కోలు సభలు చేసుకొనే విద్యార్థులున్నారు. మొక్కలమ్మే నర్సరీవారికి మంచి ఫోటోలు కావాలి. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలు లేక స్టూడియోలు ఖాళీగా ఉంటాయి. మన సంఘాల్లో అప్పుడు కూడా పెండ్లిండ్లు జరుగుతాయి గదా!

బేరం కుదిరితే ఎన్ని ఫోటోలు, ఎంత బయానా, ఆల్బమ్ ఏ తేదీకి ఇస్తావు, అన్నీ కాగితం మీద వ్రాసి ఇవ్వు. బంధువని మొగమాటపడి ఊరకనే చేయకు, అది ఇద్దరికీ మంచిది కాదు. పెండ్లికూతురి ఫోటోను ఆ ఇంటివారిని అడగకుండా నీ ఫోను స్టేటస్‌లో పెట్టకు. ఆడపిల్లలున్న ఇల్లు దీనినే మొదట చూస్తుంది. ఆల్బమ్ ఇచ్చిన రోజున, వారు సంతోషంగా తిప్పి చూస్తున్నప్పుడు, "మీ చుట్టాల్లో ఎవరింట్లోనైనా శుభకార్యం ఉందా?" అని అడుగు. సిగ్గుపడవద్దు. వారు పేరు చెబితే ఆ సాయంత్రమే, ముద్రించిన ఫోటోలు పది చేతపట్టుకొని, ఆ ఇంటికి వెళ్లు.