కొండదారికి గాలము

మూట వీపున మోయుచు కొండలెక్కువానికి ప్రతి తులమును భారమే. హిమాచలప్రదేశమున తీర్థన్ నదికి ట్రౌటు చేపలకై పోవు నా పూర్వశిష్యులు, “తేలికయైన గాలపు సామగ్రి యేది?” అని నన్నడుగుచుందురు. ఔచిత్యమే నా సమాధానము. కఱ్ఱ, రీలు, దారము, ఎర ఒకదానికొకటి తగియుండవలెను.

పూర్వపు రీలులో ఎర తన బరువుతో కండెను త్రిప్పవలసియుండెను. అందుచే చిన్న యెర దూరము పోదు. 1905లో ఆంగ్లేయుడైన జౌళివ్యాపారి ఇల్లింగ్‌వర్త్ హక్కుపత్రము పొందిన రీలులో కండె తిరుగదు. దారమే దాని అంచుమీదుగా జాఱిపోవును. నిలిపిన కండె కొననుండి నూలు వచ్చుట యెఱిగిన నేతగాండ్రకిది సుబోధము.

కావున 4 తునుకలుగా విడివడు 6 అడుగుల కఱ్ఱను కొనుడు. మూటలో 2 అడుగులలోపున నిముడును. సుమారు 200 గ్రాముల రీలును, 3 మొదలు 7 గ్రాముల లోహపు టెరలును చాలును. బిరుసు కఱ్ఱ చిన్న యెరకు వంగదు. వంగని కఱ్ఱ విసరలేదు.

దారమున మాత్రము లోభము తగదు. 6 పౌనులు తాళునది వలయును. మిక్కిలి సన్ననిది తెగెనా, చేప నోటి గాలముతోనే పోవును; తెగకున్నను పెనుగులాట దీర్ఘమై, విడిచిన పిమ్మటను అది బ్రదుకుట దుర్లభము. గాలపు ఎదురుముల్లును నొక్కివేయుడు. మత్స్యశాఖవారి అనుమతిపత్రము మఱవకుడు. నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు అచ్చట ట్రౌటువేట నిషిద్ధము.

మోయువాని భుజమునకును, విడువబడు ప్రాణికిని తేలికయైనదే మేలైన సామగ్రి.