ఫిబ్రవరి 14 ఎవరి రోజు?

(సంజీవయ్య జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు ఏం రోజని బజారులో ఎవర్నడిగినా ప్రేమికుల రోజంటారు. టీవీ అదే చెబుతాది, పూల అంగడి అదే చెబుతాది. కాదనం. కానీ తేదీ అనేది ఊరి చావడి లాంటిది. ఎవరు ముందొచ్చి కూర్చుంటే వాళ్లదే అంటారు. మనల్ని చావడి మెట్టెక్కనియ్యనట్టే కాలెండర్లోకీ రానియ్యలేదు. అందుకే ఈ రోజు మన లెక్క మనం చెప్పుకుందామని ఇక్కడ కూడినాం.

1921లో ఇదే ఫిబ్రవరి 14న, కర్నూలు పక్కనున్న పెద్దపాడులో, భూమి లేని మాల కుటుంబంలో దామోదరం సంజీవయ్య పుట్టినాడు. చిన్నప్పుడే తండ్రి పోయినాడు. అనంతపురంలో డిగ్రీ, మద్రాసులో లా చదివినాడు. 1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయినాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఈ దేశంలో ముఖ్యమంత్రి కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు మన కర్నూలు మనిషి! 1962 మార్చి దాకా, అంటే ఇరవై ఆరు నెలలు ఉండనిచ్చినారు. ఆ కాలంలోనే ముసలివాళ్లకు పింఛను మొదలయింది, లంచగొండుల్ని పట్టే అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. తర్వాత కాంగ్రెసు అధ్యక్షుడయినాడు, కేంద్రంలో కార్మిక మంత్రి అయినాడు. 1972 మే 7న కన్నుమూసినాడు. ఆయన పార్టీతో మనకు పేచీ ఉంది, ఉంటుంది. అయినా ఆయన మనవాడు. హంద్రీ మీది గాజులదిన్నె ప్రాజెక్టుకు సంజీవయ్య సాగర్ అని పేరు పెట్టినారు. జనం నోట్లో మాత్రం అది ఇంకా గాజులదిన్నే. బోర్డు మీద ఉండటం వేరు, నాలుక మీద ఉండటం వేరు.

ఇప్పుడొక ప్రశ్న. ఇక్కడ కూర్చున్న పెద్దోళ్లలో తాము పుట్టిన తేదీ ఖాయంగా తెలిసినవాళ్లు ఎందరు?

మేం పంతుళ్లం. అడ్మిషన్ రిజిస్టర్లు రాసేది మేమే. పాత రిజిస్టర్లు తిరగేసి చూడండి. మాలవాడ, మాదిగవాడ పిల్లల్లో ఎక్కువమంది జూన్ ఒకటినో జూలై ఒకటినో పుట్టి ఉంటారు! వాడంతా ఒకే పొద్దు పురుడు పోసుకున్నదా? కాదు. అయిదేళ్లు నిండినట్టు లెక్క సరిపెట్టేదానికి ఆ పొద్దు అయ్యవారి కలం కింద పడిన తేదీ అది. మాలో ఎందరో ఆ తేదీతోనే చదివినాం, ఆ తేదీతోనే ఉద్యోగంలో చేరినాం, ఆ తేదీకే రిటైరవుతాం.

మన అమ్మలకు తెలియక కాదు. "శ్రీశైలం నీళ్లొచ్చి ఊర్లు మునిగినేడు, పీర్ల పండగయిన మూడోనాడు పుట్టినాడు సారూ" అని చెప్తారు. "ఉరుకుంద ఈరన్న తిరునాళ్లప్పుడు", "జొన్న కంకి పాలు పోసుకునేటప్పుడు" అని చెప్తారు. అంతకు ముందు తరాలు 1876 నాటి ధాత కరువును గుర్తు పెట్టుకుని వయసు లెక్కగట్టినాయి. కరువుతో, వానతో, పంటతో కొలిచిన కాలం అది. తప్పుడు కాలం కాదు. కాకపోతే రాసే పుస్తకం మునసబు, కరణాల ఇండ్లల్లో ఉండె. మన కాలం ఆ పుస్తకంలోకి ఎక్కలేదు.

కడప జిల్లా చూడండి. వేమన ఏ తేదీన పుట్టినాడో ఎవరికీ తెలియదు. అయినా ప్రభుత్వం జనవరి 19ని వేమన జయంతిగా నిర్ణయించింది. మంచిదే. బ్రహ్మంగారి మఠంలో వైశాఖ శుద్ధ దశమికి ఆరాధన జరుగుతాది. మంచిదే. మరి ఆ బ్రహ్మంగారి శిష్యుడు మాదిగ కక్కయ్య ఏ తిథిన పుట్టినాడు? ఏ పంచాంగమూ చెప్పదు. తేదీ తెలియకపోవడం అడ్డం కాదని వేమన జయంతే రుజువు చేసింది. కావాలనుకుంటే తేదీ దొరుకుతాది. ఎవరికి కావాలి అనేదే ప్రశ్న.

ఇది మన సీమ కథే కాదు. అమెరికాలో ఫ్రెడరిక్ డగ్లస్ అని ఒక నల్లజాతి నాయకుడు ఉండె. బానిసగా పుట్టి, 1838లో తప్పించుకుని పోయి, బానిసత్వం మీద జీవితమంతా పోరాడినాడు. తన వయసెంతో తనకే తెలియదని, బానిసలకు పుట్టినరోజులు తెలియనియ్యరని 1845లో అచ్చయిన ఆత్మకథ మొదట్లోనే చెప్పుకున్నాడు. తల్లిని వేరే పొలంలో పనికి పెట్టినారు. ఆమె పగలంతా చాకిరీ చేసి, రాత్రిపూట నడిచొచ్చి బిడ్డను చూసుకుని పోయేది. ఆ తల్లి తనను ముద్దుగా వాలెంటైన్ అని పిలిచేదన్న జ్ఞాపకం ఒక్కటి మిగిలింది. దాన్ని పట్టుకుని ఆయన తన పుట్టినరోజు తానే పెట్టుకున్నాడు. ఏ రోజో తెలుసా? ఫిబ్రవరి 14!

1926లో కార్టర్ వుడ్సన్ అనే చరిత్రకారుడు నల్లజాతి చరిత్ర వారం మొదలుపెట్టినాడు. ఆయన తల్లిదండ్రులు బానిసలుగా బతికినవాళ్లు. ఆయన కూడా మా మాదిరి బడిపంతులుగా పనిచేసినవాడే. ఫిబ్రవరి 12 లింకన్ పుట్టినరోజు, 14 డగ్లస్ పుట్టినరోజు, ఆ రెండూ కలిసొచ్చే వారాన్ని ఎంచుకున్నాడు. 1976 నుంచి అది నెలంతా జరుగుతోంది. యజమాని రాయని తేదీని బిడ్డ రాసుకుంటే, ఆ బిడ్డ తేదీని జాతి పండగ చేసుకుంది.

మరి మన తేదీలు ఏవి? 1985 జూలై 17, కారంచేడు. 1991 ఆగస్టు 6, చుండూరు. 1998 జూలై, అప్పటి మన కర్నూలు జిల్లాలోని వెంపెంట. మనం పుడితే రాయరు, చంపబడితే మాత్రం ఎఫ్.ఐ.ఆర్.లో తేదీ, టైముతో సహా రాస్తారు. ఆ తేదీలు మరిచిపోం. కానీ చావు తేదీలతోనే మన కాలెండర్ నిండగూడదు.

ప్రేమికుల రోజుతోనూ మనకు తగువు లేదు. కులం పోవాలంటే కులాల మధ్య పెళ్లిళ్లే అసలు మందని బాబాసాహెబ్ 1936లోనే రాసినాడు. ఆ మందు పుచ్చుకున్నందుకే 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను నరికినారు. కాబట్టి గులాబీ పువ్వుల నడుమ సంజీవయ్య పటం పెట్టడానికి మనం వెనకాడక్కర్లేదు. రెండూ మనవే.

చివరగా పనికొచ్చే మాట. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. సరిగ్గా అదే తేదీకి, 2023లో, జనన మరణాల నమోదు చట్టానికి సవరణ అమలులోకి వచ్చింది. ఆ రోజు నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా, ఓటుకైనా, సర్కారు ఉద్యోగానికైనా పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. ఇక అయ్యవారి కలం పనిచేయదు. ఆదోని, కోసిగి, ఆలూరు పక్కల నుంచి సుగ్గికి పోయినోళ్లు గుంటూరు మిరప చేలల్లో, బెంగుళూరు గుడారాల్లో పురుడు పోసుకుంటారు. నమోదు మాత్రం పుట్టిన చోటే చేయించాలి. ఇరవై ఒక్క రోజుల్లోపల అయితే పైసా ఖర్చు లేదు. ఏడాది దాటిందా, మెజిస్ట్రేటు ఉత్తర్వు కోసం తిరగాలి. కూలి పోగొట్టుకుని ఎవరు తిరుగుతారు?

వయసు కాగితం లేదని బిడ్డను బడి నుంచి పంపకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ హక్కును వదలొద్దు. ఈ కాగితాన్నీ వదలొద్దు. సంజీవయ్య మొదలుపెట్టిన ముసలోళ్ల పింఛనుకు కూడా ఈ రోజు ముందడిగేది వయసు రుజువే. తేదీ అంటే పుట్టినరోజు కేకు కాదప్పా, ముసలి నోటికి ముద్ద.

వాడవాడకూ చదువుకున్న పిలగాళ్లు ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరింట్లో బిడ్డ పుట్టినా అదే రోజు తేదీ రాయండి, నమోదు చేయించండి. అదే పుస్తకంలో వెనక పేజీల్లో అవ్వలు చెప్పే కరువులు, వరదలు, తిరునాళ్లు కూడా రాయండి. రేపటి సంజీవయ్య ఏ గుడారంలో పుడతాడో ఎవరికి తెలుసు? ఆ పిల్ల పేరుకు జూలై ఒకటి పడనియ్యొద్దు.

జై భీమ్!